పిల్ల చింపాంజీకి కూత ‘వస్తుందా’, ‘అలవడుతుందా’?

అడవి చింపాంజీ పిల్లల స్వరవికాసం గురించి తెలుగులో రాస్తున్న మిత్రులొకరు, ‘పిల్లకు కూత వచ్చింది’ అనాలా, ‘పిల్ల కూత నేర్చింది’ అనాలా అని అడిగారు. చింపాంజీ చేసే ధ్వనిని ఏమనాలన్న మా చర్చ ఇంతవరకు అరుపా, కూతా, పలుకా అన్న నామవాచకం చుట్టూనే తిరిగింది గానీ, అసలు చిక్కు క్రియలో ఉందని నేననుకుంటున్నాను.

మన ‘రావడం’ మూడు వేర్వేరు సంగతులను మోస్తుంది. ‘నాకు తుమ్ము వచ్చింది’ అన్నప్పుడు అందులో నా ప్రమేయం లేదు. ‘బిడ్డకు పళ్ళు వచ్చాయి’ అన్నప్పుడు అది వయసు తెచ్చిన మార్పు. ‘ఆమెకు ఈత వచ్చు’ అన్నప్పుడు అది సాధన ఫలం. ‘మాటలు వచ్చాయి’ అన్నది రెండో అర్థానికీ మూడో అర్థానికీ నడుమ నిలుస్తుంది కనుకనే, బిడ్డ మాటలు నేర్చిందనవచ్చు గానీ పళ్ళు నేర్చిందనలేము.

పిల్ల చింపాంజీ చేసే ధ్వనులన్నీ ఈ మూడింటిలో ఒకే గూటికి చేరవు. తల్లి దూరమైనప్పుడు అది చేసే ‘హూ హూ’ అనే సన్నని మూలుగు, అది ముదిరి కీచుమనే ఏడుపు కావడం తుమ్ముకు దగ్గర. నాలుగైదేళ్ల ప్రాయంలో తల్లి పాలు మాన్పించేటప్పుడు ఆ ఏడుపు మరీ ఎక్కువగా వినిపిస్తుంది. తనకన్నా పైస్థాయిలో ఉన్న చింపాంజీ ఎదురైతే, తగ్గి ఉన్నది వగరుస్తూ చేసే పొట్టి పొట్టి ధ్వనుల సంగతి వేరు. దీన్ని వందనపు కూత అందాం. ఉగాండాలోని బుడోంగో అడవిలో పరిశోధకులు పిల్లలను గమనించినప్పుడు, ఆ ధ్వని పసితనంలోనే పుడుతుందనీ, దాన్ని ఎవరి ఎదుట చేయాలన్న వివేచన మాత్రం క్రమంగా ఏర్పడుతుందనీ తేలింది. అంటే ఒకే కూతలో ధ్వని పళ్ళలాగా వస్తే, దాని వాడుక ఈతకు దగ్గరగా ఉందన్నమాట. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ చీలికే.

ఐవరీ కోస్ట్‌లోని తాయి అడవిలో పెద్ద చింపాంజీలు పన్నెండు రకాల కూతలను కలిపి 390 వేర్వేరు వరుసలుగా పలుకుతాయని 2022లో ప్రకటించారు. పిల్లల్లో ఆ వరుసల నిడివి, వైవిధ్యం సుమారు పదేళ్ల వయసు దాకా నెమ్మదిగా పెరుగుతూ పోతాయని అదే అడవిలో జరిగిన మరో పరిశీలన చెబుతోంది. ఇంత దీర్ఘకాలం సాగే ఎదుగుదలకు ‘వచ్చింది’ అన్న ఒక్క మాట చాలదు.

అలాగని ‘నేర్చింది’ అంటే, నేర్పేవారొకరు ఉన్నారన్న సూచన వెంటనే తోడవుతుంది. 1940ల చివర అమెరికాలో హేస్ దంపతులు వికీ అనే చింపాంజీని తమ ఇంట్లో బిడ్డలా పెంచి, ఏళ్ల తరబడి మాట నేర్పారు. అయినా బొంగురుగా పలికిన నాలుగు మాటలకు మించి దానికి రాలేదు. అడవి పిల్లలకు అటువంటి పాఠం చెప్పేవారెవరూ లేరు, పెద్దల నడుమ మసలుతూ కూతల వాడుకను వంటబట్టించుకుంటాయి.

ఇందుకు మనకు ‘అలవడు’ అనే చక్కని క్రియ ఉంది. ‘అతనికి ఆ గుణం అలవడింది’ అన్నప్పుడు ‘రావడం’లో ఉన్న ‘కు’ విభక్తే నిలుస్తుంది, గురువు ప్రసక్తి రాదు, కాలం పట్టిందన్న స్ఫురణ మాత్రం ఉంటుంది. నామవాచకం విషయంలో నా మొగ్గు కూత వైపే: ‘అరుపు’లో గట్టితనమే ముందు వినిపిస్తుంది, ‘పలుకు’ మరీ మనిషిది, పైగా నాలుగు అంచెలుగా ఎగసి దూరానికి చేరే పెద్దల హూంకారాలను తలచుకుంటే ‘కూతవేటు దూరం’ అన్న మన పాత కొలత వాటికి అచ్చంగా అతుకుతుంది.

కనుక ఆ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘వందనపు కూత పిల్లకు పసితనంలోనే వచ్చింది, దాన్ని ఎవరి ఎదుట చేయాలో మాత్రం పెద్దల నడుమ తిరుగుతూ తిరుగుతూ అలవడింది.’