ఎడమచేతి వాటం ఉంటే సర్జన్ కాలేమా?

అందరికీ నమస్తే. కర్నూలులో హౌస్ సర్జన్సీ (ఎంబీబీఎస్ చివర్లో చేసే ఇంటర్న్‌షిప్) చేస్తున్నాను, ఇంకో నాలుగు నెలలుంది. ఆ తర్వాత ఎమ్మెస్ (సర్జరీలో పీజీ) జనరల్ సర్జరీ చేయాలని ఎప్పటినుంచో ఆశ. కానీ నాది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు మా అవ్వ గరిటెతో వేళ్ల మీద కొట్టి కొట్టి అన్నం తినడం మాత్రం కుడిచేత్తో అలవాటు చేసింది. మిగతాదంతా ఎడమే.

మొన్న క్యాజువాలిటీలో మోకాలు చీరుకుపోయిన పిల్లాడికి కుట్లు వేస్తున్నా. నీడిల్ హోల్డర్ (కుట్లు వేసే సూదిని పట్టుకునే పరికరం) లాక్ కుడి బొటనవేలితో నెడితే ఊడేలా ఉంటుంది కదా, నా చేతిలో అది సులువుగా ఊడదు, వెనక్కి గుంజాలి. కత్తెరదీ అదే కథ. ఎడమచేత్తో పట్టుకుంటే రెండు అంచులూ దూరమై దారం తెగకుండా నలుగుతుంది. పాపం, పిల్లాడే నాకంటే ఓపిగ్గా ఉన్నాడు. వెనకనుంచి ఒక సీనియర్ "నీకు మెడిసిన్ బ్రాంచే నయం" అన్నారు, అంటే సర్జరీ వద్దని. అప్పట్నుంచి టెన్షన్.

పీజీ సీటుకి నీట్ పీజీ ఎంట్రన్స్ రాయాలి, ఆపైన ఎమ్మెస్ మూడేళ్లు, ప్లాస్టిక్ సర్జరీ అనుకుంటే ఎంసీహెచ్ (ఎమ్మెస్ తర్వాతి సూపర్ స్పెషాలిటీ కోర్సు) ఇంకో మూడేళ్లు. నాన్న బుడ్డల (వేరుశనగ) పంట మీద చదివించారు. అన్నేళ్లు పోయాక కుదర్లేదని ఇంట్లో చెప్పలేను.

ఇక్కడ ఎడమచేతి సర్జన్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. కుడిచేతికి మారారా, ఎడమచేతి పరికరాలు సొంతంగా కొనుక్కున్నారా? కొంటే ఎంతయింది? ఆపరేషన్ టేబుల్‌కి ఏ వైపు నిలబడతారు? ప్రస్తుతానికి రాత్రిళ్లు మంచం కోడుకి దారం కట్టి కుడిచేత్తో ముడులు వేస్తున్నా. రూమ్మేట్ నవ్వుతున్నాడు.