తుప్పు పట్టిన డీజిల్ ట్యాంకు: కడిగి వాడాలా, కొత్తది పెట్టాలా?

నాన్న లారీ (నల్లగొండ):
మా ఇంటి వెనక వేప చెట్టు కింద పదకొండేళ్లుగా ఒక లారీ నిలబడి ఉంది. 1967 నాటి టాటా మెర్సిడెస్ బెంజి. బానెట్ ముందుకు పొడుచుకు వచ్చిన రకం. ముందు జాలీ మీద మూడు మొనల నక్షత్రం ఇంకా ఉంది. నాన్న 1983లో దాన్ని పాత బండిగానే కొన్నారు. సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్ల నుంచి మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలి మమ్మల్ని చదివించారు. ఆయన పోయాక ఎవరూ స్టార్ట్ చేయలేదు. ఇప్పుడు నడిపించాలని ఉంది.

మొన్న డీజిల్ ట్యాంకు మూత తీస్తే పుల్లటి వాసన వచ్చింది. పుల్ల ముంచితే అడుగున ఎర్రటి మడ్డి తగిలింది. డ్రెయిన్ బోల్టు పక్క అతుకు దగ్గర తడి కనిపిస్తోంది. చూసిన ఇద్దరు మెకానిక్కుల్లో ఒకరు పాత సామాన్లకు వేసి కొత్తది చేయించమన్నారు. ఇంకొకరు యాసిడ్ పోస్తే ఒక్క రోజులో తెల్లగా అవుతుందన్నారు.

ట్యాంకు బయటి వైపు నాన్న వేయించిన రెండు నెమళ్లు, వాటి మధ్య నా పేరు, చెల్లెలి పేరు ఉన్నాయి. దాన్ని పారేయడానికి మనసు రావడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

పంపు మేస్త్రీ (మిర్యాలగూడ):
తమ్ముడూ, మార్చు. ముప్పై ఏళ్లకు పైగా డీజిల్ పంపులు విప్పుతున్నాను. బాధ కలిగించినా చెప్పాల్సింది చెబుతాను.

ట్యాంకు ఖరీదు పెద్ద లెక్క కాదు. దాని వెనక ఉన్న, ఇంజనులోకి డీజిల్ నెట్టే పంపు గురించి ఆలోచించు. అందులో డీజిల్‌ను నెట్టే కడ్డీ ప్లంజరు, అది కదిలే గొట్టం బ్యారెల్. ఆ రెండింటి మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. తల వెంట్రుక మందమే డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుంది. ఆ సందులోకి తుప్పు రేణువు వెళ్తే గీత పడుతుంది, గీత పడితే ఒత్తిడి రాదు. డీజిలే ఆ పంపుకు కందెన కూడా. అందులో నీళ్లు కలిస్తే లోపలి ఉక్కు ముక్కలకే తుప్పు పడుతుంది. ఫిల్టరు ఉంది కదా అంటావు. మడ్డి వరసగా వస్తుంటే ఫిల్టరు రెండు రోజుల్లో మూసుకుపోయి బండి రోడ్డు మీద ఆగుతుంది.

ట్యాంకు లోపల డీజిల్ ఊగకుండా అడ్డ రేకులు ఉంటాయి. వాటి వెనక మూలల్లోకి ఏ బ్రష్షూ పోదు. కడిగానని నువ్వు అనుకున్న నెల రోజులకు అక్కడి పెచ్చులు ఊడి పడతాయి. కొత్తది చేయిస్తే మాత్రం జింకు పూత రేకుతో వద్దు. జింకు డీజిల్‌తో కలిసి జిగురులాంటి పదార్థం తయారవుతుంది, ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు పాడవుతాయి. మామూలు ఉక్కు రేకు చాలు.

రేకుల పని (జడ్చర్ల):
మేస్త్రీ అన్నా, పంపు గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. కానీ చూడకుండానే మార్చమనడం నాకు నచ్చలేదు. ఆ కాలపు రేకు మందం వేరు. ఇప్పుడు బజారులో చేసి ఇచ్చే ట్యాంకుల రేకు చాలాసార్లు అంతకన్నా పలచగా ఉంటోంది.

తుప్పు ఎక్కడ పట్టిందో ముందు చూడాలి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు పగలు వేడెక్కి రాత్రి చల్లబడుతూ గాలిని పీలుస్తుంది. ఆ గాలిలోని తేమ చుక్కలై దిగుతుంది. నీళ్లు డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుగునే నిలుస్తాయి. అందుకే దాదాపు ప్రతి ట్యాంకూ కింది నాలుగు వేళ్ల మేర పాడవుతుంది, పైభాగం బాగానే ఉంటుంది. ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగట కూడా తయారవుతుంది. తమ్ముడికి వచ్చిన పుల్లటి వాసన అదే కావచ్చు.

ట్యాంకు దింపి, సబ్బు నీళ్లతో బాగా కడిగి, ఎండబెట్టి, అడుగంతా స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కి చూడండి. మొన దిగితే ఆ రేకు పోయినట్టే. దిగకపోతే రెండు తట్టల సన్నకంకర, సబ్బు నీళ్లు పోసి, మూతి బిగించి, ఇద్దరు మనుషులు అటూ ఇటూ గంటసేపు దొర్లించాలి. కంకర లెక్క పెట్టుకుని పోయండి, అంతే లెక్కకు బయటికి తీయండి. ఒక్క రాయి మిగిలినా పైపు మూతికి అడ్డం పడుతుంది. నేను ఇలా కడిగిన ట్యాంకులు ఇప్పటికీ రోడ్డు మీద ఉన్నాయి.

కెమిస్ట్రీ టీచర్ (నకిరేకల్):
ఆ యాసిడ్ మాట మీద ఆగండి. బాత్రూములు కడిగే హైడ్రోక్లోరిక్ ఆమ్లం తుప్పుతో ఆగదు, మంచి ఇనుమునూ తింటుంది. కడిగిన గంటలోనే గోడలు మళ్లీ పసుపు రంగుకు తిరుగుతాయి. అతుకుల్లో మిగిలిన క్లోరైడు ఏళ్ల తరబడి తన పని చేస్తూనే ఉంటుంది.

చింతపండుతో ఇత్తడి బిందె తోమిన అమ్మలందరికీ మెల్లని ఆమ్లం విలువ తెలుసు. ట్యాంకుకు నిమ్మ ఉప్పు మంచిది. వంద లీటర్ల వేడి నీళ్లకు ఐదు కిలోలు కలిపి నింపండి. ఆరేడు గంటలకోసారి చూసి, తుప్పు వదలగానే తీసేయండి, ఎక్కువ ఉంచితే ఇది కూడా ఇనుమును తింటుంది. తర్వాత వంట సోడా నీళ్లు, చివర మంచి నీళ్లు. మన జిల్లా బోరు నీళ్లలో చాలాచోట్ల లవణాలు ఎక్కువ, ఆఖరి కడుగుకు అవి వాడకండి. వెంటనే వేడి గాలి పట్టించి ఆరబెట్టి, ఐదు లీటర్ల డీజిల్ పోసి గోడలన్నీ తడిసేలా తిప్పాలి. ఇక్కడ గంట ఆలస్యమైనా పడిన శ్రమ వృథా.

చాకలి సోడా నీళ్లలో బ్యాటరీ చార్జరుతో చేసే పద్ధతి కూడా ఉంది. ట్యాంకుకు రుణ తీగ, లోపల ట్యాంకును తాకకుండా వేలాడే ఇనుప కడ్డీకి ధన తీగ. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వద్దు, అందులోని క్రోమియం విషమై నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయాలి.

డ్రైవర్ (దేవరకొండ):
కడగడం, మార్చడం తర్వాత. దయచేసి ఇది చదవండి. 2009లో మా మేనమామ కొడుకు ఒక షెడ్డులో ఖాళీ డీజిల్ ట్యాంకుకు వెల్డింగ్ పట్టిస్తుంటే అది పేలింది. రెండు చేతులూ, ముఖమూ కాలాయి. ఆరు నెలలు మంచం మీద ఉన్నాడు. ఖాళీగా ఉంది, పైగా డీజిల్ కదా, పెట్రోలు కాదు కదా అనుకున్నారు.

నిండు ట్యాంకులో గాలికి చోటుండదు, ఖాళీ ట్యాంకులో ఆవిరీ గాలీ కలిసి ఉంటాయి. మన దేశపు ప్రమాణాల ప్రకారం డీజిల్ ఆవిరి అంటుకోగల ఉష్ణోగ్రతకు కనీస హద్దు 35 డిగ్రీలు. నల్లగొండ మే నెల ఎండ కొన్నేళ్లలో 45 దాటుతుంది. అతుకుల్లో ఇంకిన డీజిల్ వెల్డింగ్ వేడికి ఎటూ ఆవిరవుతుంది. నీటి ఆవిరి పట్టించి, సబ్బుతో కడిగి, వెల్డింగ్ పడే చోటు కిందిదాకా నీళ్లు నింపి, మూతి తెరిచి ఉంచితే తప్ప ఎవరినీ రాడ్డు ముట్టనివ్వకండి.

పాత బండ్లు (మహబూబ్‌నగర్):
నాది పెట్రోలుతో నడిచే పాత బెడ్‌ఫోర్డ్ బండి. ట్యాంకు లోపల ఎపాక్సీ (ఆరి గట్టిపడే రసాయన జిగురు) పూత వేయించాను. మూడో ఏడు పొరలు పొరలుగా ఊడి పైపు మూసుకుపోయింది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ వస్తోంది, అది తేమను పీలుస్తుంది. నేను మార్చేశాను. తమ్ముడిది డీజిల్ కాబట్టి ఆ బెడద లేదు, అయినా పూత జోలికి పోవద్దు.

అసలు ట్యాంకు మారితే వింటేజ్ విలువ పోతుందేమోనని బెంగ వద్దు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలకు, సొంత కార్లకు మాత్రమే. లారీలు అందులో లేవు.

రేకుల పని (జడ్చర్ల):
కింద ఉన్న తుప్పు పూర్తిగా పోకుండా వేస్తే ఏ పూతైనా ఊడుతుంది. మీ ట్యాంకును సరిగ్గా కడగకుండా వేశారేమో.

పాత బండ్లు (మహబూబ్‌నగర్):
కావచ్చు. కానీ లోపల సరిగ్గా కడిగారో లేదో యజమాని చూడగలడా? నా అభ్యంతరం అదే.

నాన్న లారీ (నల్లగొండ):
అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం ట్యాంకు దింపాం. రెండు బకెట్ల మడ్డి వచ్చింది. జడ్చర్ల అన్న చెప్పినట్టే అడుగున మూడు చోట్ల స్క్రూడ్రైవర్ దిగింది. పక్క రేకులు, పైరేకు గట్టిగా ఉన్నాయి. నెమళ్లున్న వైపు ఒక్క మచ్చ కూడా లేదు.

అడుగు రేకు మొత్తం కోసి కొత్తది వేయించాలని నిర్ణయించాను. అడుగు తీస్తే అడ్డ రేకుల వెనక మూలలు కూడా చేతికి అందుతాయి, మేస్త్రీ అన్న భయం అక్కడే కదా. మిషను కాకుండా చేతి ఉలితో నెమ్మదిగా, లోపల నీళ్లు ఉంచి కోస్తానన్న ఒక పెద్దాయన దొరికారు. పక్కలను నిమ్మ ఉప్పుతో కడుగుతాను. బొమ్మ మీద నీళ్లు పడకుండా మైనపు గుడ్డ కట్టాను.

పంపు మేస్త్రీ (మిర్యాలగూడ):
నా మాట మార్చుకోను, కొత్తదే నయం. అయినా అడుగు కోయిస్తున్నావు కాబట్టి సగం ఒప్పుకుంటాను. పైపులన్నీ విప్పి గాలి కొట్టు, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు జాలీ తీసి కడుగు. మొదటి నెల వారానికోసారి ఫిల్టరు గిన్నె విప్పి అడుగున ఎరుపు ఉందేమో చూడు. స్టార్ట్ చేసే ముందు పంపు పక్క మూత తీయాలి, ఆ రోజు నన్ను పిలువు. మీ నాన్న బండికి 1991లో ఆ పంపు బిగించింది నేనే అనుకుంటాను. నెమళ్లు చూస్తే గుర్తుపడతాను.