కరిస్మాటిక్ అంటే పెంతెకోస్తేనా? ఈ ఉద్యమంలో అంత గొప్ప ఏముంది?

ప్రశ్న:
అందరికీ వందనాలు. మాది లూథరన్ సంఘం, నేను క్వైర్‌లో పాడతాను. ఈమధ్య మా యూత్‌లో కొందరు చేతులెత్తి అన్యభాషలతో, అంటే పరిశుద్ధాత్మ ప్రేరణతో వస్తాయనే, తాము నేర్చుకోని మాటలతో ప్రార్థిస్తున్నారు. పెద్దలేమో "అది పెంతెకోస్తువాళ్ల పద్ధతి, మనది కాదు" అంటున్నారు. పిల్లలు దాన్ని కరిస్మాటిక్ అంటున్నారు. రెండూ ఒకటేనా? ఇందులో నిజంగా విలువ ఉందా, లేక ఉత్త ఆవేశమేనా?

జవాబు 1:
సిస్టర్, రెండిటికీ చుట్టరికం ఉంది గానీ రెండూ ఒకటి కాదు. 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో విలియం సీమోర్ నడిపిన కూటాల నుంచి పెంతెకోస్తు ఉద్యమం దేశదేశాలకూ పాకింది. ఆయన తల్లిదండ్రులు బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు. నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ విడదీసి కూర్చోబెట్టే ఆ రోజుల్లో అక్కడ అందరూ పక్కపక్కనే మోకరించారు. కానీ పరిశుద్ధాత్మతో నిండి అన్యభాషలతో ప్రార్థించే ఈ అనుభవానికి పాత సంఘాల్లో పెద్దగా చోటు దొరకలేదు. దాంతో పెంతెకోస్తువాళ్లు సొంత సంఘాలు పెట్టుకున్నారు.

ఇదే అనుభవం పొందిన కరిస్మాటిక్‌లు మాత్రం తమ పాత సంఘాల్లోనే ఉండిపోయారు. 1960 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని వాన్ నైస్‌లో డెన్నిస్ బెనెట్ అనే ఎపిస్కోపల్ (అమెరికాలోని ఆంగ్లికన్ శాఖ) గురువు, తాను అన్యభాషలతో ప్రార్థిస్తున్నానని ఆదివారం ఆరాధనలోనే చెప్పేశారు. ఆయన కింద పనిచేసే గురువొకరు అక్కడికక్కడే అంగీ తీసేసి రాజీనామా ఇచ్చారు. చివరికి బెనెట్ కూడా ఆ గుడిని వదలాల్సి వచ్చింది. తన సంఘశాఖను మాత్రం వదల్లేదు. సియాటిల్‌లో చితికిపోయి ఉన్న ఒక చిన్న గుడికి వెళ్లారు, అది మళ్లీ నిండింది. అలిగి వేరు కాపురం పెట్టకుండా, అదే ప్రార్థన పుస్తకంతో, అదే ప్రభురాత్రి భోజనంతో ఆయన కొనసాగారు. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది ఇదే.

1967లో పిట్స్‌బర్గ్‌లోని డుకేన్ యూనివర్సిటీ క్యాథలిక్ విద్యార్థులు బైబిల్లోని అపొస్తలుల కార్యములు చదువుకుని రిట్రీట్‌కు (ప్రార్థన శిబిరానికి) వెళ్లారు, అక్కడే వాళ్లకూ ఇదే అనుభవం కలిగింది. 1975 పెంతెకోస్తు పండుగకు వేలమంది క్యాథలిక్ కరిస్మాటిక్‌లు రోమ్‌లో చేరితే ఆరో పౌలు పోపుగారే వాళ్లను కలిసి మాట్లాడారు. శతాబ్దాల తరబడి ఒకరి గుమ్మం ఒకరు తొక్కని క్యాథలిక్‌లు, ప్రొటెస్టెంట్‌లు ఒకే గదిలో ప్రార్థించారంటే అది చిన్న విషయమా? పైగా పరిశుద్ధాత్మ ఇచ్చే వరాలు గురువులకే కాదు, వెనక బెంచీలో కూర్చునే విశ్వాసికీ ఉన్నాయని ఈ ఉద్యమం అందరికీ గుర్తుచేసింది.

జవాబు 2:
బ్రదర్ చెప్పింది నిజమే, కానీ జాగ్రత్త కూడా అవసరం. మా బంధువు ఒకామెతో ఒక కూటంలో "విశ్వాసం ఉంటే మాత్రలెందుకు" అన్నారు. ఆమె షుగర్ మందులు ఆపేసి ఆసుపత్రి పాలైంది. స్వస్థత కోసం ప్రార్థించండి, మందులు ఆపమని మాత్రం ఎవరికీ చెప్పకండి. బైబిల్లో 1 కొరింథీ 14లో అపొస్తలుడైన పౌలు హద్దులు పెట్టాడు: భాషలతో మాట్లాడేవాళ్లు ఇద్దరు, మహా అయితే ముగ్గురు, అదీ ఒకరి తర్వాత ఒకరు. అర్థం చెప్పేవాళ్లు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్. ఇంకొక్క మాట. భాషలు రాకపోతే ఆత్మ లేనట్టేనా? మా చెల్లికి అదే టెన్షన్ పట్టుకుంది.

జవాబు 1:
కాదమ్మా. అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ లాంటి పెంతెకోస్తు సంఘాలు ఆత్మ బాప్తిస్మానికి, అంటే పరిశుద్ధాత్మతో నిండే అనుభవానికి, భాషలే మొదటి గుర్తు అంటాయి. కరిస్మాటిక్‌లలో చాలామంది, ముఖ్యంగా క్యాథలిక్‌లు, అలా పట్టుబట్టరు. అందరూ భాషలతో మాట్లాడతారా అని పౌలే 1 కొరింథీ 12 చివర్లో అడుగుతాడు, కాదనే అక్కడి భావం. చెల్లిని ఆ అధ్యాయం మొదటి నుంచి చదవమనండి. ఎవరైనా తల మీద చేతులుంచి "మాట్లాడు, మాట్లాడు" అని బలవంతపెడితే అక్కడి నుంచి లేచి వచ్చేయమనండి.