పీసీపీ (సిలిండర్‌లో ముందే గాలి నింపుకునే) ఎయిర్ రైఫిల్: మొదటి షాట్ వేగం ఎక్కువ, చివరివి తక్కువ. హ్యామర్ స్ప్రింగ్ (గాలి వాల్వ్‌ను కొట్టి తెరిచే సుత్తిని తోసే స్ప్రింగ్) బిగించాలా?

పటమట_177: నమస్తే అండి. 10 మీటర్ల ప్రాక్టీసుకు .177 (4.5 మి.మీ. గొట్టం) పీసీపీ, 0.53 గ్రాముల పెల్లెట్. రాత్రంతా కదపకుండా ఉంచి పొద్దున కొడితే క్రోనోగ్రాఫ్‌లో (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) మొదటి షాట్ సెకనుకు 184 మీటర్లు. తర్వాత 175 దగ్గర నిలకడగా ఉంటుంది. సిలిండర్ పీడనం 75 బార్‌కు దిగేసరికి 168. స్ప్రింగ్ బిగిస్తే కుదురుతుందా? పవర్ పెంచితే పొలంలో కుందేళ్లకీ కౌజులకీ పనికొస్తుందా అని మా బాబాయి అడుగుతున్నారు, అదీ చెప్పగలరు.

బ్రాడీపేట_రేంజ్: స్ప్రింగ్ జోలికి పోకండి. మొదటి షాట్ వేగం పెరగడం రెగ్యులేటర్ క్రీప్, అంటే సిలిండర్ గాలిని ఒకే పీడనానికి తగ్గించే భాగం సరిగ్గా మూసుకోకపోవడం. దాన్ని మూసే సీటు మీద గీత పడ్డా, నలుసు ఇరుక్కున్నా గాలి మెల్లగా కారి, రెగ్యులేటర్ దాటాక ఉండే గదిలో పీడనం పెరుగుతుంది. రూఢి చేసుకోవాలంటే ఐదు షాట్లు కొట్టి, అరగంట ఆగి ఒకటి కొట్టండి. మళ్లీ పైకి లేస్తే అదే. చివర్లో వేగం తగ్గడం అసలు లోపమే కాదు. సిలిండర్ పీడనం రెగ్యులేటర్ సెట్టింగ్ కంటే దిగిపోయింది, అంతే. 90 బార్ దగ్గరే మళ్లీ నింపండి.

సీటు మార్చడం ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే మెకానిక్) పని. విప్పే ముందు సిలిండర్ తీసేసినా రైఫిల్ లోపల గాలి మిగులుతుంది. అది పూర్తిగా పోకుండా విప్పితే భాగాలు తూటాల్లా లేస్తాయి. ఓ-రింగులకు (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయాలు) సిలికాన్ గ్రీజే వాడాలి. మామూలు మెషిన్ ఆయిల్ ఆ పీడనంలో అంటుకోగలదు.

మంగళగిరి_పెల్లెట్: సీటు మార్చాక వేగం తేడా వస్తే అప్పుడు స్ప్రింగ్. పావు చుట్టు తిప్పడం, పది షాట్లు కొట్టడం, ఎక్కువకీ తక్కువకీ తేడా రాసుకోవడం. అతిగా బిగిస్తే వాల్వ్ ఎక్కువసేపు తెరుచుకుని గాలి వృథా అవుతుంది, వేగం మాత్రం పెరగదు. ట్యూబ్‌లైట్ కింద క్రోనోగ్రాఫ్ తప్పుడు లెక్కలు చూపిస్తుంది, పగటి వెలుతురులో కొలవండి.

బాబాయి గారికి గట్టిగానే చెప్పండి: వద్దు. కుందేలు, కౌజు రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి, సొంత పొలంలో కొట్టినా కేసే. పవర్ సంగతికొస్తే, 2016 ఆయుధ నియమాల ప్రకారం .177 కంటే పెద్ద గొట్టం ఉన్నా, 20 జౌల్స్ దాటినా లైసెన్సు కావాలి. మీ 175 మీటర్లకు 8.1 జౌల్స్ వస్తుంది, టార్గెట్‌కు అది చాలు. అదే పెల్లెట్ సెకనుకు 275 మీటర్లకు వెళ్తే 20 దాటినట్టే.

పటమట_177: అర్థమైంది, బాబాయికి చెప్తాను. సీటు మార్పిస్తాను. ఎండాకాలం సిలిండర్ కారులో ఉంచొచ్చా?

బ్రాడీపేట_రేంజ్: వద్దండి. 30 డిగ్రీల దగ్గర 200 బార్ నింపితే 45 డిగ్రీలకు 210 అవుతుంది, మూసిన కారులో వేడి అంతకంటే ఎక్కువ. మన వైపు గాలిలో తేమ కూడా ఎక్కువే, తేమ పీల్చే ఫిల్టర్ లేని పంపుతో నింపకండి. నీళ్లు చేరితే మళ్లీ ఆ సీటే పాడవుతుంది.