పన్నెండు వేలలో ఇంటి ప్రాక్టీస్‌కి ఏది: ఆంపా, ఇంటర్‌ఫేసా?

కొండాపూర్_కార్డ్స్
అకూస్టిక్ మీద నేర్చుకుని ఈమధ్యే ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను. ఉండేది అపార్ట్‌మెంట్, గోడకి అవతలి ఫ్లాట్‌లో చంటిపిల్ల ఉంది. ఆఫీసు నుంచి వచ్చి తినేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. పగలు వాయించే వీలు శని, ఆదివారాల్లోనే. బడ్జెట్ 12,000. షాపులో 10 వాట్ల ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకర్ డబ్బా) వద్దు, 40 వాట్లది తీసుకోమన్నారు. ఫ్రెండ్స్ అసలు ఆంపే వద్దు, ఇంటర్‌ఫేస్ (గిటార్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపే చిన్న పెట్టె) కొని ల్యాప్‌టాప్‌లో వాయించుకో అంటున్నారు. ఇంట్లో ఉన్న హోమ్ థియేటర్‌కి కలిపేస్తే సరిపోదా?

ల్యాప్‌టాప్_లీడ్
నా ఓటు ఇంటర్‌ఫేస్‌కే బ్రో. బెహ్రింగర్ యూఎం2 లాంటి చిన్నది ఒకటి, వైరున్న మంచి హెడ్‌ఫోన్స్ ఒకటి. సాఫ్ట్‌వేర్‌కి, ఆంప్‌ల శబ్దాన్ని కంప్యూటర్‌లోనే అనుకరించే న్యూరల్ ఆంప్ మోడలర్ ఉచితంగానే దొరుకుతుంది. పెద్ద పెద్ద ఆంప్‌ల టోన్లు జనం తయారుచేసి పంచుకుంటున్నారు. విండోస్ అయితే ఆసియో డ్రైవర్ (శబ్దం ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్) వేసుకుని బఫర్ తగ్గించుకో, లేకపోతే తీగ మీటాక శబ్దం ఆలస్యంగా వస్తుంది. రికార్డింగ్ కూడా అందులోనే అయిపోతుంది. ఆ డబ్బుకి వచ్చే చిన్న ఆంప్‌లలో చాలావాటిలో ఉండేది ఒకటో రెండో టోన్లు.

మూడో_ఫ్రెట్
ముందు వాట్ల సంగతి తేల్చేద్దాం, షాపుల్లో ఎక్కువ మందిని తప్పుదోవ పట్టించేది అదే. చెవికి శబ్దం రెట్టింపు అనిపించాలంటే పవర్ దాదాపు పదింతలు, అంటే 10 డెసిబెల్స్ ఎక్కువ, కావాలి. 10 నుంచి 40కి వెళ్తే పెరిగేది 6 డెసిబెల్సే. ఫ్లాట్‌లో మీరు వాడేది ఒక వాట్ కూడా ఉండదు. బాస్ కంపెనీ కటానా 50 ఆంప్‌లో పవర్‌ని అర వాట్‌కి దించే స్విచ్ పెట్టారంటే ఇళ్లలో వాయించేవాళ్ల కోసమే. వాట్లకంటే స్పీకర్ సైజు చూడండి. ఆరంగుళాల స్పీకర్‌లో లావు తీగలు డబ్బాలో మోగినట్టు ఉంటాయి. ఎనిమిది అంగుళాలకి వెళ్తే ఆ తేడా మొదటి కార్డ్‌కే తెలుస్తుంది.

హోమ్ థియేటర్ వద్దండి. గిటార్ పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) ఇచ్చే సిగ్నల్ బలహీనమైనది, దానికి మెగాఓమ్ స్థాయి ఇంపిడెన్స్ (విద్యుత్ నిరోధం) ఉన్న ఇన్‌పుట్ కావాలి. మామూలు ఆడియో ఇన్‌పుట్‌లో పెడితే పదును పోయి మొద్దుబారిపోతుంది. పైగా గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక పై శబ్దాలను బాగా తగ్గించేస్తుంది. హోమ్ థియేటర్ స్పీకర్ తగ్గించదు కాబట్టి డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని కావాలని గరుకుగా చేసే ఎఫెక్ట్) చెవిలో గీరినట్టు వినిపిస్తుంది. చవక ఆంప్‌ల హెడ్‌ఫోన్ జాక్‌లో కూడా చాలావాటికి ఇదే జబ్బు. కొనేముందు మీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

ఇక ఇంటర్‌ఫేస్. సౌండ్ బాగుంటుంది, కాదనను. కానీ రోజంతా ల్యాప్‌టాప్ ముందు పనిచేసినవాడు రాత్రి మళ్లీ దాన్నే తెరిస్తే ముందు కనిపించేది ఆఫీసు మెయిల్. పావుగంట దొరికితే పది నిమిషాలు టోన్ వెతకడానికే పోతుంది. నేర్చుకునే దశలో ఆ పావుగంట చేతివేళ్లకి దక్కాలి. అందుకే స్విచ్ వేయగానే మోగేది కావాలంటాను. ఫెండర్ మస్టాంగ్ ఎల్‌టీ25 లాంటిది సెకండ్ హ్యాండ్‌లో చూడండి: 25 వాట్లు, ఎనిమిది అంగుళాల స్పీకర్, హెడ్‌ఫోన్ జాక్, కంప్యూటర్‌కి యూఎస్‌బీ.

షాపుకి మీ గిటారే పట్టుకెళ్లండి. వాల్యూమ్ పెంచి కాదు, పక్కన ఇద్దరు మాట్లాడుకుంటే వినపడేంత తక్కువలో పెట్టి వినండి. నాబ్‌ని సున్నా నుంచి మెల్లగా తిప్పండి. కొన్ని ఆంప్‌లు ఒకటి దగ్గర మూగగా ఉండి, వెంట్రుకవాసి కదిపితే ఒక్కసారిగా అరుస్తాయి. అలాంటిది ఎంత మంచి బ్రాండ్‌దైనా ఫ్లాట్‌కి పనికిరాదు.

ల్యాప్‌టాప్_లీడ్
ఆయన వాయించేదే రాత్రి తొమ్మిది తర్వాత. అప్పుడెలాగూ హెడ్‌ఫోన్సే కదా అన్నా. వారంలో ఐదు రోజులు మోగని స్పీకర్‌కి డబ్బు ఎందుకు పెట్టాలి?

మూడో_ఫ్రెట్
న్యాయమైన ప్రశ్నే. శని, ఆదివారాలు కూడా ఇంట్లో శబ్దం కుదరదంటే స్పీకర్ వదిలేయండి. అప్పుడైనా ల్యాప్‌టాప్ అక్కర్లేదు. వోక్స్ ఆంప్‌ప్లగ్, మస్టాంగ్ మైక్రో లాంటి చిన్న హెడ్‌ఫోన్ ఆంప్‌లు నేరుగా గిటార్ జాక్‌లో గుచ్చుకుంటాయి. మైక్రోకి బ్లూటూత్‌లో ఫోన్ నుంచి బ్యాకింగ్ ట్రాక్ (మనం వాయిస్తుంటే వెనక మోగే సంగీతం) పంపొచ్చు. హెడ్‌ఫోన్స్ మాత్రం వైరువే వాడాలి, బ్లూటూత్‌వి పెడితే ఆలస్యం తెలిసిపోతుంది. కానీ పగలు వీలున్నవాళ్లు స్పీకర్ వదులుకోకూడదన్న మాట మీద నేను గట్టిగానే ఉన్నాను. మన చెయ్యి ఎంత బలంగా పడుతోందో గదిలో మోగితే తెలిసినట్టు చెవుల్లో తెలియదు.

బెజవాడ_హమ్‌బకర్
ఏది కొన్నా ఇంటి కరెంటు సంగతి కూడా చూసుకోండి. జుయ్యిమని శబ్దం వస్తే వెంటనే ఆంప్ వాపసు ఇవ్వొద్దు. ముందు ఫ్యాన్ రెగ్యులేటర్, ఎల్‌ఈడీ లైట్లు ఆపి చూడండి. సింగిల్ కాయిల్ పికప్ (ఒకే తీగచుట్ట ఉన్నది) అయితే కూర్చున్న చోటే కాస్త పక్కకి తిరిగినా తేడా వస్తుంది. అయినా తగ్గకపోతే సాకెట్‌కి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మూడు పిన్నుల ప్లగ్‌కి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి మాత్రం వాడొద్దు, తీగల మీద ఉండేది మీ చెయ్యి. ఆంప్‌ని నేల మీద కాకుండా కుర్చీ మీద పెట్టండి. కింది ఫ్లాట్‌కి అదురు తగ్గుతుంది, స్పీకర్ చెవికి ఎదురుగా ఉంటుంది కాబట్టి ట్రెబుల్ అనవసరంగా పెంచక్కర్లేదు.

కొండాపూర్_కార్డ్స్
హోమ్ థియేటర్ ఆలోచన మానేశాను. శనివారం గిటార్, హెడ్‌ఫోన్స్ పట్టుకుని షాపుకి వెళ్తున్నాను. ఎల్‌టీ25 సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే స్పీకర్ బాగుందో లేదో ఏం చూసి చెప్పాలి?