బడుల్లో డిజిటల్ చదువుకి చట్టం కావాలా, జీవో చాలదా?

మాది రాజోలు దగ్గర లంక ఊరండి. 2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకి పంచినప్పుడు మా పెద్దాడికీ ట్యాబ్ వచ్చింది. స్క్రీన్ పగిలాక బాగు చేయించే దిక్కు లేక బీరువాలో పడుంది. అదే చట్టం ఉంటే రిపేరు ఎవరి బాధ్యతో తేలేది కదా?

జవాబు 1: సర్కారు బడి టీచర్నే. జీవో అంటే ప్రభుత్వం తల్చుకుంటే మార్చేసేది, చట్టం మార్చాలంటే అసెంబ్లీకి వెళ్లాలి, తేడా అక్కడే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో, అంటే బడిలో ఏమేం ఉండాలో చెప్పే పట్టికలో, గ్రంథాలయం, వంటగది, ఆటస్థలం, మంచినీళ్లు అన్నీ రాశారు గానీ కంప్యూటర్ మాట లేదు. విద్య ఉమ్మడి జాబితాలోది కాబట్టి రాష్ట్రం కూడా చట్టం చేసుకోవచ్చు.

జవాబు 2: ఆయ్, చట్టం సరే, తుఫానుకి కొబ్బరిచెట్టు తీగల మీద పడితే మా అమలాపురం వైపు కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ముందు ఇన్వర్టరు రాయించండి అందులో!

జవాబు 3: రిపేరుకి బడ్జెట్ కూడా రాయాలి మాస్టారూ, లేకపోతే మళ్లీ బీరువానే.

ప్రశ్న వేసినాయన: థాంక్సండి. ఆదివారం మా ఎమ్మెల్యే గారు ఊళ్లోకొస్తున్నారు, ఇన్వర్టరు సంగతీ అడుగుతా.