గ్యాస్ జనరేటర్ మామూలుగా నడుస్తోంది, నీళ్ల మోటారు వేస్తే ఆగిపోతోంది

ప్రశ్న (సింగ్‌నగర్, విజయవాడ)
3 కేవీఏ జనరేటర్, 19 కేజీల కమర్షియల్ సిలిండర్ మీద నడుస్తుంది. నెలకోసారి ఐదు నిమిషాలు ఖాళీగా తిప్పి ఆపేస్తున్నాం. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ బాగానే లాగుతుంది. వాటితోపాటు 1 హెచ్‌పీ మోటారు వేయగానే స్పీడు పడిపోయి ఆగిపోతోంది. లోపం రెగ్యులేటర్లోనా, ఇంజన్లోనా?

జవాబు 1
ముందు లోడ్ పెట్టి చూడండి. ఖాళీగా ఐదు నిమిషాలు తిప్పితే ఇంజను వేడెక్కదు, తేమ ఆయిల్లోనే ఉండిపోతుంది. నెలకోసారి అరగంట, సగం లోడ్ మీద నడపాలి. ఇస్త్రీపెట్టె, నాలుగు ఫ్యాన్లు, ఫ్రిజ్ వేస్తే సరిపోతుంది. మల్టీమీటర్‌లో ఖాళీగా 51-52 హెర్ట్జ్ (కరెంటు ఫ్రీక్వెన్సీ, ఇంజను స్పీడుని బట్టి మారుతుంది) చూపించి, లోడ్ మీద 49-50 దగ్గర నిలబడాలి.

నిలబడితే గ్యాస్ బాగానే అందుతున్నట్టు. ఇబ్బంది మోటారు స్టార్టింగ్ కరెంటుతోనే. నడిచేటప్పుడు 5-6 ఆంపియర్లు తీసుకునే మోటారు, లేచేటప్పుడు ఐదారు రెట్లు లాగుతుంది. 3 కేవీఏ జనరేటర్ ఇచ్చేది 13 ఆంపియర్లే. మిగతావన్నీ ఆపి మోటారు ముందు వేయండి. దాని కెపాసిటర్ (మోటారు లేవడానికి ఊతమిచ్చేది) కూడా చెక్ చేయించండి, అది వీకైతే మోటారు ఇంకా ఎక్కువసేపు లాగుతుంది.

ఇస్త్రీపెట్టెకే స్పీడు పడిపోతుంటే గ్యాస్ చాలట్లేదు. 2 కిలోవాట్ల లోడుకి గంటకు దాదాపు కేజీ కావాలి. వంటింటి రెగ్యులేటర్, సన్నటి పొడవాటి ట్యూబ్ అంత ఇవ్వలేకపోవచ్చు. తర్వాత ఎయిర్ ఫిల్టర్, ఇంజను దగ్గరి డిమాండ్ రెగ్యులేటర్‌లో (ఇంజను లాగినంత గ్యాసే వదిలేది) డయాఫ్రమ్, అంటే రబ్బరు పొర, గట్టిపడిందేమో చూడాలి.

జవాబు 2 (గుంటూరు)
ఒక్క మాట కలుపుతాను. గ్యాస్ ఇంజన్లో ఆయిల్ అంత తొందరగా నల్లబడదు. రంగు చూసి వదిలేయకండి, 100 గంటలకో ఆరు నెలలకో, ఏది ముందైతే అప్పుడు మార్చేయండి. స్పార్క్ ప్లగ్ గ్యాప్ 0.7-0.8 మి.మీ. ఉండాలి. ఆపేటప్పుడు సిలిండర్ వాల్వ్ కట్టేసి, ట్యూబ్‌లో మిగిలిన గ్యాస్‌తో ఇంజను తనంతట తానే ఆగేదాకా ఉంచండి.

జవాబు 3
సింగ్‌నగర్ అన్నారు కాబట్టి చెప్తున్నా: జనరేటర్‌ని, సిలిండర్‌ని సెల్లార్లో, మెట్ల కింద దయచేసి పెట్టొద్దు. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు. సిలిండర్ మార్చిన ప్రతిసారీ జాయింట్లకి సబ్బునీళ్లు రాయండి. 2024 సెప్టెంబరులో మీ సింగ్‌నగర్‌లోకి బుడమేరు వాగు వరద నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో గోడ మీద చూసి, జనరేటర్ దిమ్మె అంతకన్నా పైకి కట్టించండి. నిండు సిలిండర్ కూడా నీళ్లలో తేలుతుంది, గోడకి గొలుసు వేయండి.

ఛేంజోవర్ స్విచ్ (ఇంటిని వీధి లైన్ నుంచి విడదీసి జనరేటర్‌కి కలిపేది) లేకుండా సాకెట్లో ప్లగ్ గుచ్చి ఇంటికి కరెంటు ఇస్తుంటే ఇవాళే ఆపేయండి. ఆ కరెంటు తిరిగి వీధి లైన్‌లోకి ఎక్కితే స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం పోతుంది.